లారెల్ ఫోర్క్ పళ్ళ వ్యాను

లారెల్ ఫోర్క్ లోయలో ముప్ఫై దాటినవాళ్ళందరినీ ఒలీటా స్లోన్ ఏదో ఒక రోజు తిట్టే ఉంటుంది. బడి బస్సు నడుపుతూ, తల తిప్పకుండా, అద్దంలోంచి చూసి తిట్టేది. "వెనక మూడో సీటూ, కాళ్ళు లోపలికి పెట్టు." అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు, కాళ్ళు లోపలికి వచ్చేసేవి. మంచు పడినా, వాగు పొంగినా పొద్దున్న ఆరూ నలభైకల్లా బస్సు మలుపు దగ్గర ఉండేది. ఆ బస్సెక్కి పెరిగినవాళ్ళు పెళ్ళిళ్ళై, పిల్లల్ని కన్నాక కూడా ఆమెని "మిస్ ఒలీటా" అనే పిలిచారు. దుకాణంలో ఆమె ఎదురుపడితే చేతిలో సిగరెట్టు దాచుకునేవాళ్ళు.

బస్సు ఉద్యోగానికి వైద్య బీమా ఉంది. ఒంటికి ఉంది కానీ పళ్ళకి లేదు, పళ్ళు మనిషివి కావన్నట్టు. బొగ్గు గనులు మూతపడ్డాక లోయలో చాలామందికి ఒంటికీ లేదు. ఒలీటాకి ఇరవై నాలుగో ఏట, మూడో కానుపయ్యాక, పళ్ళు ఒకదాని తరవాత ఒకటి పుచ్చిపోయాయి. ఒక్కొక్కటిగా అన్నిటినీ బాగుచేయించాలంటే ఆమె భర్త హెర్షెల్ మూడు నెలలు గనిలో దిగాలి. మొత్తం పీకించేస్తే ఒక్క వారం జీతంతో పోతుంది. ఆ రోజుల్లో అందరూ చేసే పనే. ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చుంది, సాయంత్రానికి బోసినోటితో ఇంటికొచ్చింది. ఆర్నెల్ల తరవాత కట్టుడు పళ్ళు పెట్టారు. ఆ విషయం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత అడిగింది ట్విలా ఫ్యూగేట్.

ట్విలా కూడా ఆ బస్సు పిల్లే. ఊళ్ళో ఫలహారశాల వంటింట్లో పనిచేసేది. చురుకైన మనిషి, మాటకారి, కానీ ముందరి పళ్ళు రెండు నల్లబడి విరిగాయని యజమాని ఆమెని కౌంటరు దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అక్టోబరులో ఒకనాడు ఒలీటా బస్సు పని ముగించుకుని కాఫీకి వెళ్తే, వెనక గుమ్మం దగ్గర బోర్లించిన బకెట్టు మీద ట్విలా కూర్చుని ఉంది. చెంపకి గడ్డకట్టిన బఠాణీల సంచీ ఆనించుకుంది.

"ఏమైందే?"

"ఏం లేదు మిస్ ఒలీటా. కొంచెం పన్ను."

"కొంచెం పన్నుకి మొహం గుమ్మడికాయ అయిందా? ఎన్నాళ్ళ నుంచి?"

"ఆగస్టు నుంచి. ఎమర్జెన్సీకి మూడుసార్లెళ్ళా. మాత్రలిచ్చి పళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. పళ్ళ డాక్టరేమో ఇన్సూరెన్సు చూపించమంటాడు. మాత్రలైపోతాయి, మళ్ళీ ఎమర్జెన్సీ. అక్కడి నర్సుకి మా పిల్లల పుట్టినరోజులు కూడా తెలిసిపోయాయి." ట్విలా నవ్వబోయి నొప్పికి కళ్ళు మూసుకుంది. కాసేపాగి అంది: "అన్నీ పీకించేసుకుంటే పోద్దేమో అనుకుంటున్నా. మీరు పీకించుకున్నారుగా. ఎలా ఉంటుంది?"

ఒలీటాకి యాపిల్ కొరికి ఎన్నేళ్ళయిందో గుర్తుకొచ్చింది. నోట్లో జారే పళ్ళతో మాట్లాడేటప్పుడు ఎదుటివాడి కళ్ళు తన పెదాల మీదకి దిగడం గుర్తుకొచ్చింది. ఇవన్నీ ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి ఎలా చెప్పాలో తెలియలేదు.

"పీకించకు," అంది చివరికి. "నాకో వారం ఇవ్వు."

ఆ వారం పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య ఒలీటా వంటింటి గోడకున్న ఫోను వదల్లేదు. ఫోన్ల పుస్తకం ముందు పెట్టుకుని నాలుగు జిల్లాల పళ్ళ డాక్టర్లకీ వరసగా చేసింది. మొదట్లో "ఇన్సూరెన్సు లేనివాళ్ళని చూస్తారా?" అని అడిగేది. "లేదు మ్యామ్" అని పెట్టేసేవాళ్ళు. ఆరో ఫోనుకి ఆమె ప్రశ్న మార్చింది. "మీరు చూడరు సరే, ఎవరు చూస్తారో ఒక్క పేరు చెప్పండి, ఫోను పెట్టేస్తాను." అలా అడిగితే ఊరికే పెట్టేయడం ఎవరికీ చేతకాలేదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి, ఆ ఇంకొకరి దగ్గర్నుంచి మరొకరికి వెళ్ళగా వెళ్ళగా, పద్నాలుగో చోట ఫోనెత్తిన అమ్మాయి గొంతు తగ్గించింది.

"నేను చెప్పానని అనకండి. నగరంలో దంత వైద్య కళాశాల ఉంది. విద్యార్థులే చేస్తారు, ప్రొఫెసర్లు పక్కనుండి ప్రతిదీ చూస్తారు. బయట ఖర్చులో మూడో వంతు కూడా అవదు. కాకపోతే రోజంతా పడుతుంది."

"రోజంతా కూర్చోడం మాకు కొత్త కాదమ్మా," అంది ఒలీటా.

నగరం రెండున్నర గంటల దారి. ట్విలా కారు కొండ దిగేసరికే వేడెక్కి ఆగిపోయే రకం. ఒలీటా ఒక శుక్రవారం సెలవు పెట్టి తన కారులో తీసుకెళ్ళింది. ట్విలా పన్ను పీకక్కర్లేదనీ, వేరు శుభ్రం చేసి నిలబెట్టొచ్చనీ చెప్పారు. మూడుసార్లు రమ్మన్నారు. మూడుసార్లూ ఒలీటానే తీసుకెళ్ళింది.

రెండోసారి వెళ్ళినప్పుడు హాల్లో కూర్చుని ఉంటే, తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి ఫోను పట్టుకుని గోడ పొడుగునా నడుస్తూ కనిపించింది. ఎవర్నో బతిమాలుతోంది. ఫోను పెట్టేసి ఒలీటా పక్క కుర్చీలో కూలబడింది. చూస్తే ఏడుపు ఆపుకుంటోంది.

"ఎవరైనా పోయారా హనీ?"

"లేదండీ. పేషెంటు రాలేదు. ఈ నెలలో నాలుగోసారి." ఆ అమ్మాయి పేరు మెరెడిత్ హాస్, ఆఖరి సంవత్సరం. పాడి ఆవులున్న ఇంటి నుంచి వచ్చింది. పట్టా రావాలంటే ఇన్ని పళ్ళు నింపాలి, ఇన్ని పీకాలి, ఇన్ని తొడుగులు వెయ్యాలి అని లెక్కుందట. పేషెంటు వస్తానని రాకపోతే ఆ పూట పోయినట్టే. అన్నిటికీ మించి మార్చిలో లైసెన్సు పరీక్ష. బతికున్న మనిషి నోట్లో చెయ్యాలి. ఎలాంటి పుచ్చు అంటే అలాంటిది పనికిరాదు: రెండు పళ్ళ మధ్య ఉండాలి, ఫలానా లోతే ఉండాలి, పక్క పన్నుకి తగులుతూ ఉండాలి. "అలాంటి పుచ్చు దొరకాలి, దొరికినా ఆ మనిషి ఆ రోజు రావాలి. రాకపోతే నాకు ఒక సంవత్సరం పోతుంది."

ఒలీటా ఆ మాటలు నెమ్మదిగా మనసులో తిప్పుకుంది. లోయలో పుచ్చిన పళ్ళున్నాయి, బాగుచేసే చేతులు లేవు. ఇక్కడ చేతులున్నాయి, పళ్ళు రావడం లేదు. మధ్యలో ఉన్నది రెండున్నర గంటల రోడ్డు. రోడ్డు తన పనే.

"అమ్మాయ్," అంది, "నేను రోజూ యాభై రెండుమంది పిల్లల్ని తీసుకెళ్తాను. ఇరవై ఆరేళ్ళలో నా వల్ల ఒక్కడు కూడా బడి మానలేదు. నీకు ఎలాంటి పుచ్చు కావాలో కాగితం మీద బొమ్మ గీసివ్వు."

మెరెడిత్ గీసిచ్చింది.

కారులో నలుగురికి మించి పట్టరు. ఒలీటా చర్చి వ్యాను అడిగింది. పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. పెట్రోలు ఎవరు పోస్తారని ఒకాయన, పళ్ళకీ దేవుడి పనికీ ఏం సంబంధమని ఇంకొకాయన. ఒలీటా లేచి నిలబడింది.

"ఆదివారం పాట పాడేటప్పుడు మీరు కళ్ళు మూసుకుంటారు కాబట్టి చూడలేదు. నేను చూశా. మనవాళ్ళలో సగంమంది పెదాలు తెరవకుండా పాడుతున్నారు. దేవుడికి వినిపిస్తోందో లేదో నాకు తెలీదు."

వ్యాను తాళాలు ఇచ్చారు.

ఆ చలికాలం ఆమె చేతిలో చిన్న టార్చి లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. చర్చి భోజనాల దగ్గర, బడిలో బాస్కెట్‌బాల్ ఆట దగ్గర, దుకాణంలో క్యూలో, "ఏదీ, నోరు తెరువు" అనేది. చిన్నప్పుడు బస్సులో చెప్పినట్టు చెప్పేది, తెరిచేవాళ్ళు. "ఒరేయ్, ఒలీటా వస్తోంది, నోళ్ళు ముయ్యండి" అని మగవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. అలా అన్నవాళ్ళే తరవాత ఒంటరిగా ఆమె వాకిట్లోకి వచ్చి, వాతావరణం గురించి మాట్లాడి, ట్రక్కు గురించి మాట్లాడి, వెళ్ళబోతూ "అన్నట్టు, ఆ వ్యానులో ఖాళీ ఉంటుందా?" అనేవాళ్ళు. ఏడాదికి తనకున్న పది సెలవులూ ఆమె శుక్రవారాలకే వాడేసింది. అవి చాలక, జీతం వదులుకుని మరికొన్ని తీసుకుంది. హెర్షెల్ నడుం గనిలో పోయింది, పెద్దగా మాట్లాడడు. గురువారం సాయంత్రం వ్యాను కింద పడుకుని నూనె మార్చి, టైర్లు తట్టి చూసి లోపలికొచ్చేవాడు. అతని వంతు సాయం అది.

అందరికంటే మొండివాడు హెర్షెల్ అన్న హోబర్ట్. ఒలీటాకి బావగారు. ముప్ఫై నాలుగేళ్ళు బొగ్గు తవ్విన మనిషి. తన పళ్ళు తనే పట్టకారుతో పీకేసుకునేవాడు, గ్యారేజీలో, ఒక గుక్క విస్కీ పుక్కిలించి. "డాక్టరు నాకంటే బాగా పీకుతాడా?" అనేవాడు. జనవరిలో ఒక దవడ పన్ను సగానికి విరిగి వేరు లోపలే ఉండిపోయింది. మూడు రోజులు పంటి బిగువున భరించాడు, అక్కడ పళ్ళు తక్కువే అయినా. నాలుగో రోజు వ్యానెక్కాడు. దారి పొడుగునా ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

వేరు తీసింది మెరెడితే. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూస్తూ చూస్తూ ఆగిపోయింది. పై వరసలో ఎడమవైపు, ఆయనకి మిగిలిన పదకొండు పళ్ళలో రెండింటి మధ్య, సరిగ్గా కాగితం మీద గీసిన పుచ్చు.

"మిస్టర్ స్లోన్, మార్చి దాకా దీన్ని ముట్టుకోకుండా ఉంచుతారా? పట్టకారుతో కూడా? పరీక్ష రోజు వస్తారా?"

"వస్తానన్నానంటే వస్తా," అన్నాడు హోబర్ట్.

పరీక్ష మార్చి రెండో శనివారం. గురువారం నుంచి వాన. శనివారం తెల్లవారేసరికి వాగు వంతెన మీంచి పారుతోంది. ఒలీటా అక్కడే వ్యాను ఆపి నీళ్ళని ఒక నిమిషం చూసింది. వెనక్కి తిప్పి, మూతపడిన గని వెనకనుంచి కొండెక్కే బొగ్గు లారీల దారి పట్టింది. గుంతలు, బురద, ఒక పక్క లోయ. ఆమె రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకుని ఆ దారిలో గంటసేపు పోనిచ్చింది. వ్యానులో హోబర్ట్‌తో పాటు ట్విలా కూడా ఉంది, అవసరమైతే దిగి తొయ్యడానికి. రెండుచోట్ల తోసింది కూడా.

పెద్ద రోడ్డెక్కాక పెట్రోలు బంకు దగ్గర ఆగారు. హోబర్ట్ బాత్రూముకని దిగి వెళ్ళాడు. పది నిమిషాలైంది, పదిహేనైంది, రాలేదు. ఒలీటా వెళ్ళి తలుపు తట్టింది.

"హోబర్ట్, కడుపులో బాలేదా?"

"కడుపు బానే ఉంది. మీరు ఇంటికి పొండి."

"ఏమిటి?"

"ఆ పిల్ల చెప్పింది. బయటినుంచి ముగ్గురొస్తారట. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు నా నోట్లో అద్దం పెట్టి చూసి కాగితాల మీద రాసుకుంటారట. నేనేమైనా సంతలో గుర్రాన్నా? నా నోరెలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పిల్ల ఒక్కత్తీ చూస్తే చూసింది. పెద్దపెద్దోళ్ళు చూసి మొహాలు ముడుచుకుంటే నేను పడను."

భయం నొప్పి గురించి కాదని ఒలీటాకి అప్పుడర్థమైంది. గని కూలి రెండు రోజులు చీకట్లో ఉండి బయటికొచ్చిన మనిషి. అలాంటివాణ్ణి పెట్రోలు బంకు బాత్రూములో గొళ్ళెం పెట్టుకునేలా చేసింది సిగ్గు. ఆ సిగ్గు ఆమెకి బాగా తెలుసు. ఆమె చుట్టూ చూసింది. ట్విలా వ్యానులో ఉంది. వాన పడుతోంది. ఒలీటా పై పళ్ళు, కింది పళ్ళు తీసి చేతిలో పట్టుకుంది.

"తలుపు తియ్యి," అంది. మాట గాలి పోసుకుని వచ్చింది.

ఆ గొంతు ఎవరిదో తెలియక హోబర్ట్ తలుపు కొంచెం తెరిచాడు. ఎదురుగా మరదలు, బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా ఎనభై ఏళ్ళదానిలా ఉంది.

"చూడు," అంది ఒలీటా. "బాగా చూడు. ఇరవై నాలుగేళ్ళకి నేను ఇలా అయ్యా. మీ తమ్ముడు కూడా ఇంతవరకూ చూళ్ళేదు. దీపం తీసేశాకే తీస్తా, ఆయన లేచేలోగా పెట్టేసుకుంటా. నాకప్పుడు ఒక్క పన్ను నిలబెట్టడానికి కూడా ఎవరూ లేరు హోబర్ట్. నీకు పదకొండున్నాయి. అందులో ఒకదానికోసం అక్కడ ఒక పిల్ల పొద్దుట్నుంచీ గుమ్మం వైపు చూస్తూ కూచుంది. గుర్రం అంటావా, గుర్రం పళ్ళు చూసేది కొనుక్కోడానికి. నిన్నెవడూ కొనడులే, ధైర్యంగా ఉండు."

హోబర్ట్ మొహం పక్కకి తిప్పుకుని, "పెట్టుకో ఒలీటా, చల్లగాలి," అన్నాడు. ఆమె వెనకే నడిచి వచ్చి వ్యానెక్కాడు.

పరీక్ష నాలుగు గంటలు పట్టింది. ముగ్గురు పెద్దమనుషులూ వచ్చి చూశారు, రాసుకున్నారు. మొహాలు ఎవరూ ముడవలేదు. అందులో నెరిసిన జుట్టాయన "ఎక్కడ పనిచేశారు?" అని అడిగాడు. నోట్లో రబ్బరు గుడ్డ ఉండగానే హోబర్ట్ ఏదో అన్నాడు. ఆయనకేం అర్థమైందో, "మా నాన్న కూడా," అని భుజం తట్టి వెళ్ళాడు.

ఆరు వారాల తరవాత మెరెడిత్ పాసైందని ఫోను వచ్చింది. ఒలీటా ఆ మాట చెప్పడానికి వెళ్తే హోబర్ట్ వరండాలో కత్తి నూరుకుంటున్నాడు.

"అంటే నేను పాసయ్యాననా?"

"మీ ఇద్దరూను."

"ఆరో తరగతిలో మానేశాక నేను రాసిన పరీక్ష అదొక్కటే," అన్నాడు హోబర్ట్. సాయంత్రంలోపు ఆ మాట లోయ అంతా చెప్పొచ్చాడు. పట్టకారు మాత్రం పారెయ్యలేదు, దానితో వేరే పనులున్నాయన్నాడు.

మెరెడిత్ వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. రెండేళ్ళు క్రిస్మస్‌కి కార్డు వచ్చింది, తరవాత రాలేదు. ఒలీటా దాన్ని తప్పుపట్టలేదు. ఆమె స్థానంలో వేరే విద్యార్థులు వచ్చారు, వాళ్ళకీ బొమ్మలు గీసిన కాగితాలుండేవి. లారెల్ ఫోర్క్ వాళ్ళు వస్తామన్న రోజున వస్తారని కళాశాలలో పేరు పడింది.

కానీ పరీక్ష జరిగిన ఆ ఏడాది మే నెలలో జరిగినదాన్ని ఒలీటా జన్మలో మర్చిపోలేదు. డార్సీ గేహార్ట్ అని ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఇళ్ళకి కప్పులు వేసేవాడు. ఒకప్పుడు ఆమె బస్సులో డ్రైవరు వెనక సీటులో కూర్చుని కబుర్లు చెప్పిన పిల్లవాడు. కింది దవడ పన్ను పుచ్చింది. కళాశాలలో అపాయింట్‌మెంటు జులైకి దొరికింది. ఈలోగా చీము దవడలోంచి మెడలోకి దిగింది. ఆస్పత్రికి తీసుకెళ్ళిన మూడో రోజున పోయాడు.

అంత్యక్రియల తరవాతి శుక్రవారం ఒలీటా వ్యాను నింపుకుని నగరానికి వెళ్ళింది. అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, అపాయింట్‌మెంట్లు చూసే ప్రూయిట్ గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివారే, తలెత్తి నవ్వారు. ఆమె డార్సీకి కళాశాలవాళ్ళు తేదీ రాసిచ్చిన కార్డు తీసి ఆయన ముందు పెట్టింది.

"జులై పదకొండున ఈ మనిషి రాడు. మావాళ్ళలో రాకుండా ఎగ్గొడుతున్నవాడు ఇతనొక్కడే. చనిపోయాడు."

ప్రూయిట్ గారు కార్డు చేతిలోకి తీసుకున్నారు.

"మీ తప్పని అనడానికి రాలేదండీ. వరస పొడుగుంది, నాకు తెలుసు. కానీ మొహం వాచినవాడు వరసలో నిలబడకూడదు. మీ పిల్లలకి పరీక్షలకి మనుషులు కావాలన్నప్పుడల్లా తెచ్చాను, వరదలో కూడా తెచ్చాను. శుక్రవారం రెండు కుర్చీలు నాకు ఖాళీగా ఉంచండి. వాచినవాళ్ళకి. ముందు పేరు చెప్పలేను, ఎవరికి వాస్తుందో నాకు తెలీదు."

"నా చేతిలో లేదు మిసెస్ స్లోన్."

"ఎవరి చేతిలో ఉందో ఒక్క పేరు చెప్పండి, వెళ్ళిపోతాను."

ప్రూయిట్ గారు కుర్చీలోంచి లేచి, తనే ఆమెని మూడో అంతస్తుకి, పెద్ద ప్రొఫెసరు గదికి తీసుకెళ్ళారు. బయటికొచ్చేసరికి ఒలీటాకి మాట దొరికింది. తరవాతి శుక్రవారం నుంచి రెండు కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఆ తరవాత లోయలో పన్ను వల్ల ఎవరూ పోలేదు.

ట్విలా ముందరి పళ్ళకి తొడుగులు వేశారు. యజమాని ఆమెని కౌంటరు దగ్గరికి రమ్మన్నాడు. నాలుగు నెలలు నిలబడి, జీతం డబ్బు తీసుకుని, "ఇప్పుడు నా మొహం మీకు నచ్చింది, మీ మొహం నాకు నచ్చలేదు" అని చెప్పి మానేసింది. ఒలీటా దగ్గరే పెద్ద బండి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, బడి బస్సుకి మారు డ్రైవరుగా చేరింది. దాంతో ఒలీటాకి శుక్రవారం సెలవులు సులువయ్యాయి.

ఒలీటా మాత్రం తన నోరు ఏ డాక్టరుకీ చూపించలేదు, మూడేళ్ళ దాకా. చివరికి ఒక విద్యార్థికి కట్టుడు పళ్ళ కేసు తక్కువైందని ప్రూయిట్ గారే ఫోను చేస్తే వెళ్ళింది. "ఆ పిల్లాడికి కేసు కావాలిట పాపం, అందుకని" అని ఊరందరికీ చెప్పుకుంది. కొత్తవి జారలేదు. ఆగస్టులో వాకిట్లో కూర్చుని మొక్కజొన్న పొత్తు చేత్తో పట్టుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి కొరుక్కుంటూ తింది. ఒకటి అయ్యాక ఇంకొకటి తీసుకుంది. హెర్షెల్ తన పొత్తు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

డెబ్బయ్యో ఏట కళ్ళు మసకేశాయి, వ్యాను తాళాలు ట్విలాకి ఇచ్చేసింది. ఇచ్చిందే కానీ మానలేదు. శుక్రవారం పొద్దున్నే అందరికంటే ముందొచ్చి రెండో వరసలో కిటికీ పక్కన కూర్చుంటుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు బిగుసుకుపోయి కూర్చుంటే బుట్టలోంచి ఎండు యాపిల్ కేకు తీసిచ్చి, "తిను, ఇప్పుడే తిను, మధ్యాహ్నానికి మూతి మొద్దుబారిపోతుంది" అంటుంది. మలుపుల దగ్గర మాత్రం ఆపుకోలేదు.

"గేరు మార్చు ట్విలా."

"మార్చాను మిస్ ఒలీటా."

"ఇంకొంచెం ముందు మార్చాల్సింది."